ఎర్రనీరు

గోదారికి ఎర్రనీరు తగిలిన వారమే
మా పిల్లకీ వచ్చింది ఎరుపు,
తొడల సందున, నడుం కింది మడతలో.

మూడు రోజులుగా ముసురు.
దండెం మీది గుడ్డ పిండితే నీళ్ళు,
పిండకపోతే వాసన.
మా లంక మొత్తం
ఎవరూ మార్చని పొత్తిగుడ్డలో పడుకున్నట్టుంది.

పాయ దాటి రాజోలు వెళ్ళొచ్చిన మా బావ
డైపర్ల సంచీ తెచ్చాడు.
"రాత్రంతా ఆగుద్ది. నిద్ర చెడదు."
ఆగింది. నిద్రా చెడలేదు.
తెల్లారి విప్పితే
నీళ్ళు తీయని మడిలో నారు మొదలులా
పిల్ల ఒళ్ళు పాచి ఉంది.
ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి ఊరుకున్నట్టు
నాకేసి చూసింది.

సువార్త ఏమీ అనలేదు.
కాలు చాపి, వేళ్ళు విడదీసి చూపించింది.
పది రోజుల ఊడ్పులు.
పైన తెల్లగా నానిన తోలు, కింద పచ్చిగా ఎరుపు.
"నేనైతే పొద్దుగూకితే గట్టెక్కుతాను.
దీన్నెవరు ఎక్కిస్తారు గట్టు?"
అని, నారు కట్టలు మోయడానికి వెళ్ళిపోయింది.

కొబ్బరి వలుపు నా పని.
గునపం మీద కాయ దిగేసి
మూడు పోట్లలో పీచు ఊడదీసే చేతులు.
వీటితో ఆ చర్మాన్ని తాకాలంటే భయమేసింది.
అరచెయ్యి ఆకురాయి.
అందుకని చెయ్యి తిరగేసి
వేళ్ళ వెనకవైపుతో చూడటం నేర్చుకున్నాను:
తడా, పొడా.

గంటకోసారి. రెండు గంటలకి మించనివ్వకుండా.
దొడ్డికి వెళితే ఆ క్షణమే,
అన్నం ముందు కూర్చున్నా సరే.
రాత్రి టార్చిలైటు పళ్ళతో పట్టుకుని.
గోరువెచ్చని నీళ్ళు చెంబుతో, పైనుంచి ధారగా.
రుద్దకూడదు. అద్దాలి.
చచ్చిపోయిన మా నాన్న పంచె
నలభై ఉతుకులు తిన్నది, వెన్నలా ఉంటుంది,
దాన్ని చించుతుంటే అమ్మ అటు తిరిగి కూర్చుంది.

అమ్మదంతా పౌడరు నమ్మకం.
మడతల్లో తెల్లగా కూరితే
చెమటకి ముద్దయి, పిండి వడియంలా గట్టిపడింది.
పంటు మీద వచ్చిన నర్సమ్మ దమయంతి గారు
డబ్బా తీసి అటక మీద పెట్టించారు.
"బిగించి కట్టకండి. సబ్బు చుక్క మిగలకుండా జాడించండి.
పొద్దుటా సాయంత్రం కాసేపు దిసమొలతో వదిలేయండి, గాలి తగలాలి.
చీము పొక్కులొచ్చినా, ఒళ్ళు కాలినా
నాకోసం చూడకండి, ఆస్పత్రికి పడవెక్కండి."

గాలి ఉంది. ఎండ ఏది?
కరెంటున్న కాస్తలో ఇస్త్రీ పెట్టె,
లేనప్పుడు అన్నం తపేలా మూత మీద పరిచి
ఒక్కో గుడ్డా వెచ్చబెట్టాను.
కాయల రాశి దగ్గర మావాళ్ళు నవ్వారు,
"ఏరా ప్రభుదాసూ, పీచు మానేసి గుడ్డలొలుస్తున్నావా?"
ఆయ్, అన్నాను.
ఆ వారం కూలి సగమే వచ్చింది.

పిల్ల పూర్తిగా ఆరాక, ఆరాకే,
మా గానుగ కొబ్బరినూనె పల్చగా.
ఊరు కోసం ఏటిగట్టు వేస్తారు కదా,
అలాంటిదే, కంటికి కనపడనంత సన్నంది.

అయిదో రోజుకి ఎరుపు
అంచుల నుంచి లోపలికి తీసింది.
ఏరు మాత్రం ఇంకా ఎర్రగానే పోతోంది.
ఆ మధ్యాహ్నం గడియసేపు ఎండ కాసింది.
చాప మీద బోర్లా పడుకున్న పిల్ల
కాళ్ళు తన్నుకుంటూ పాకి
ఇస్త్రీ చేసిన మడతలన్నిటి మీదా తాపీగా పోసింది.
తిట్టబోయి, చెంబు కోసం లేచాను.

రాత్రి, దానికి రాయగా
వేలి చివర కాస్త నూనె మిగిలింది.
నిద్రలో ఉన్న సువార్త పాదం ఒళ్ళో పెట్టుకుని
పంచె ముక్కతో అద్ది
ఒక్కో వేలూ విడదీశాను.
కాలు వెనక్కి లాక్కుంది.
కాసేపటికి మళ్ళీ ఇచ్చింది.